ప్రోటీన్ కింద ఏ మెటల్ ఆక్సైడ్ వేయాలి? జింక్, టైటానియా, సీరియా, మాగ్నెటైట్‌లలో ఎంచుకునే పద్ధతి

ఎలక్ట్రోకెమికల్ బయోసెన్సార్ల (ప్రోటీన్ సాయంతో ఒక పదార్థాన్ని పసిగట్టి దాన్ని కరెంటుగా చూపించే పరికరాలు) మీద కొత్తగా పని మొదలుపెట్టినవాళ్ళు ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే, ఎలక్ట్రోడ్ మీద ప్రోటీన్ కింద వేయడానికి ఏ నానోపార్టికల్ మంచిదండీ అని. నేను వెంటనే తిరిగి అడుగుతా, మీ ప్రోటీన్ ఏంటి, అది ఏ పీహెచ్‌లో పనిచేయాలి, సిగ్నల్ ఎక్కడ పుట్టాలి అని. ఈ మూడూ తేలకుండా ఆక్సైడ్ ఎంచుకోవడం అంటే కాలి కొలత తీసుకోకుండా చెప్పులు కుట్టించుకున్నట్టే. పేపర్లలో ఇది తిరగేసి కనిపిస్తుంది, ముందు ఒక కొత్త ఆకారంలో నానోపార్టికల్ తయారవుతుంది, తర్వాత దానిమీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ (గ్లూకోజ్‌ని ఆక్సిడైజ్ చేసే ఎంజైమ్) వేస్తారు, పనిచేసింది అని రాస్తారు, అది చదివి మనమూ అలాగే మొదలుపెడితే కొన్ని నెలలకి సిగ్నల్ ఎందుకు పడిపోతోందో తెలీక తల పట్టుకుని కూర్చుంటాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆక్సైడ్ వేస్తే ఎలక్ట్రాన్లు గబగబా పరిగెడతాయి అని చాలామంది అనుకుంటారు. జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ కదలాలంటే దాటాల్సిన శక్తి అడ్డం) 3.37 ఎలక్ట్రాన్ వోల్టులు, అనటేస్ రకం టైటానియాది, అంటే టైటానియం డయాక్సైడ్‌ది, 3.2 చుట్టుపక్కల. లోపాల వల్ల కొంత కరెంటు మోస్తాయి నిజమే, కానీ ఇవి సెమీకండక్టర్లు, లోహపు తీగలు కాదు. మరి ఆక్సైడ్ వేశాక కరెంటు పెరిగింది కదా అంటారు. పెరుగుతుంది, ఎందుకంటే గరుకుగా, రంధ్రాలు రంధ్రాలుగా ఉన్న ఉపరితలం మీద ఎంజైమ్ ఎక్కువ కూర్చుంటుంది, తన ఆకారం చెడకుండా కూర్చుంటుంది, ఎక్కువ రోజులు బతుకుతుంది. అంటే ఆక్సైడ్ ఇక్కడ చేసేది ముఖ్యంగా ప్రోటీన్‌కి పీట వేయడం. కొన్ని ఆక్సైడ్లు దానికి తోడు కాటలిస్ట్‌లా కూడా పనిచేస్తాయి, అది ఒక్కోసారి వరం, ఒక్కోసారి మొదటికే మోసం, దాని సంగతి కింద చెప్తా.

పీట సరిపోవాలంటే మొదట చూడాల్సింది చార్జ్. ప్రతి ప్రోటీన్‌కీ, ప్రతి ఆక్సైడ్‌కీ ఒక ఐసోఎలక్ట్రిక్ పాయింట్ ఉంటుంది, బఫర్ పీహెచ్ దానికంటే ఎక్కువైతే అది నెగటివ్, తక్కువైతే పాజిటివ్. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ది 4.2 దగ్గర, జింక్ ఆక్సైడ్‌ది 9.5 దగ్గర. పీహెచ్ 7.4లో ఎంజైమ్ నెగటివ్, జింక్ ఆక్సైడ్ పాజిటివ్, రెండూ వాటంతట అవే అతుక్కుంటాయి, వేరే కెమిస్ట్రీ అక్కర్లేదు. గ్లూకోజ్ సెన్సార్ల పేపర్లలో జింక్ ఆక్సైడ్ అన్నిసార్లు కనపడటానికి పెద్ద కారణం ఇదే. కానీ అదే జింక్ ఆక్సైడ్ మీద సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ వేయబోతే కథ మారిపోతుంది, దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 10 దగ్గర, 7.4లో అది కూడా పాజిటివే, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. దానికి టైటానియా నయం, టైటానియాది 6 చుట్టూ ఉంటుంది కాబట్టి 7.4లో కొంచెం నెగటివ్‌గా ఉంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, పుస్తకంలో ఉన్న అంకె మీ పౌడర్‌కి అచ్చంగా వర్తించదు, ఆక్సైడ్ ఎలా చేశారు, దానిమీద ఏ సర్ఫాక్టెంట్ మిగిలింది, ఎంత వేడి చేశారు అన్నదాన్నిబట్టి అది ఇటూ అటూ జరుగుతుంది, అందుకే మీరు నిజంగా వాడే బఫర్‌లోనే జీటా పొటెన్షియల్ (ద్రావణంలో కణం ఉపరితలం చార్జ్ ఎటువైపు, ఎంత అని చెప్పే కొలత) ఒకసారి కొలవండి, అరగంట పని. రెండోది, ఉప్పు. మామూలు పీబీఎస్‌లో, అంటే ఉప్పు కలిపిన ఫాస్ఫేట్ బఫర్‌లో, చార్జ్ ప్రభావం ఒక నానోమీటర్ కూడా దాటదు, 0.8 నానోమీటర్ల లోపే ఆగిపోతుంది, అక్కడ చార్జ్ మీదే ఆధారపడి ప్రోటీన్‌ని కూర్చోబెడితే పట్టు దొరకదు. నేనైతే కూర్చోబెట్టేటప్పుడు 5 లేదా 10 మిల్లీమోలార్ పలచటి బఫర్ వాడతా, తర్వాత కొలతకి పీబీఎస్‌లోకి మారుస్తా, మధ్యలో పైన ఒక పల్చటి పొర గానీ తేలికపాటి గ్లూటరాల్డిహైడ్ క్రాస్‌లింకింగ్ (ప్రోటీన్లని ఒకదానికొకటి ముడేయడం) గానీ చేస్తా. లేదంటే కొలుస్తూ కొలుస్తూ ఉండగానే ఎంజైమ్ బఫర్‌లోకి జారిపోతుంది.

ఇక జింక్ ఆక్సైడ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట పట్టుకునేది దాన్నే. మంచి గుణాలు చాలా ఉన్నాయి, జింక్ నైట్రేట్, హెక్సామీన్ కలిపి 90 డిగ్రీల దగ్గర నీళ్ళలోనే నిలువు నానోరాడ్స్ పెంచొచ్చు, ఫర్నేస్ అక్కర్లేదు, చార్జ్ కూడా అనుకూలం. కానీ దాని బలహీనత ఒక్కటే, అది పెద్దది. యాసిడ్ తగిలితే కరిగిపోతుంది, బాగా బేసిక్ అయినా కరిగిపోతుంది.

నేను మొదట్లో చేసిన ఒక ప్రయోగం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. కండక్టివ్ గ్లాస్ మీద జింక్ ఆక్సైడ్ రాడ్స్ పెంచాను, తెల్లగా, పాలపొరలా, వేలితో తాకాలనిపించేంత అందంగా వచ్చాయి. ఎంజైమ్ వేశాను, పైన పట్టు కోసం కైటోసాన్ అనే పాలిమర్ చుక్క వేశాను. కైటోసాన్ కరగాలంటే అసిటిక్ యాసిడ్ కావాలి, అందరూ వాడేది ఒక శాతం ద్రావణం, దాని పీహెచ్ 3కి అటూ ఇటూ. చుక్క పడినచోట తెల్లటి పొర మెల్లగా పలచబడి, గాజు పారదర్శకంగా కనిపించడం మొదలైంది. నేను తడి వల్ల అలా కనిపిస్తోందేమో అనుకుని ఆరబెట్టాను. ఆరాక కూడా తెలుపు తిరిగి రాలేదు. వారం రోజుల పని ఒక చుక్క కింద కరిగిపోయింది, పైగా ఆ ఎలక్ట్రోడ్ కొంచెం సిగ్నల్ ఇచ్చింది కూడా, కైటోసాన్‌లో ఇరుక్కున్న ఎంజైమ్ వల్ల. నేను గమనించకపోయి ఉంటే జింక్ ఆక్సైడ్ వల్లే అని రాసేసేవాణ్ణి. అప్పటినుంచి కైటోసాన్ పీహెచ్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో 6 దగ్గరికి తెచ్చి వాడతా, 6.5 దాటితే అది గడ్డకడుతుంది కాబట్టి చాలా మెల్లగా పోయాలి. నాఫియాన్ అనే పాలిమర్‌తో కూడా ఇదే తంటా, సీసాలోంచి తీసింది తీసినట్టు వేస్తే అది గట్టి యాసిడ్, న్యూట్రల్ చేయకుండా జింక్ ఆక్సైడ్ మీద వేయకండి.

ఇంకో ఇబ్బంది, గ్లూకోజ్ ఆక్సిడేజ్ బాగా ఇష్టపడే పీహెచ్ 5.5 దగ్గర, అక్కడ జింక్ ఆక్సైడ్ నిలవదు, కాబట్టి ఎంజైమ్‌కి ఇష్టమైన చోటు వదిలేసి ఇద్దరికీ రాజీ కుదిరే 7.4లో పనిచేయాలి. ఫాస్ఫేట్ బఫర్‌లో చాలాసేపు ఉంచితే పైపొర మెల్లగా జింక్ ఫాస్ఫేట్‌గా మారుతుంది. ఇంపీడెన్స్ (ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటుకి ఎదురయ్యే అడ్డంకి) చూడ్డానికి ఫెర్రోసయనైడ్ వాడతాం కదా, కరిగిన జింక్ అయాన్లు దానితో కలిసి అవక్షేపం కడతాయి, మీకు కనిపించే మార్పు ప్రోటీన్‌ది కాకపోవచ్చు. అదీగాక ఫెర్రిసయనైడ్ నెగటివ్, జింక్ ఆక్సైడ్ పాజిటివ్, దాంతో అది ఉపరితలం దగ్గరికి లాగబడి రెసిస్టెన్స్ తగ్గినట్టు కనిపిస్తుంది, దాన్ని చూసి కండక్టివిటీ పెరిగింది అని రాయడం తప్పు. కాబట్టి జింక్ ఆక్సైడ్ ఎప్పుడు వాడాలి అంటే, ఒకసారి వాడి పారేసే స్ట్రిప్, న్యూట్రల్ పీహెచ్, నెగటివ్ ఎంజైమ్, కొలత నిమిషాల్లో ఐపోవాలి, అప్పుడు దానికి మించింది లేదు. రోజుల తరబడి ద్రావణంలో మునిగి ఉండాల్సిన సెన్సార్ అయితే నేను దాని జోలికి వెళ్ళను.

టైటానియా దీనికి సరిగ్గా ఉల్టా. యాసిడ్ వేసినా, బేస్ వేసినా, నెలల తరబడి నానబెట్టినా చలించదు. మీసోపోరస్ పొరగా, అంటే కొన్ని నానోమీటర్ల రంధ్రాలున్న పొరగా, చేస్తే హీమోగ్లోబిన్, సైటోక్రోమ్ సి లాంటి చిన్న ప్రోటీన్లు రంధ్రాల్లోకి దిగి బాగా కూర్చుంటాయి. సైటోక్రోమ్ సి మూడున్నర నానోమీటర్ల లోపే, గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఐతే 160 కిలోడాల్టన్ల భారీ డైమర్ (రెండు ముక్కలు జతకట్టిన ప్రోటీన్), ఒకవైపు 7 నానోమీటర్లు దాటుతుంది, 5 నానోమీటర్ల రంధ్రాల పొర తెచ్చి అందులోకి ఇది దిగుతుందని ఆశపడితే పైనే ఉండిపోతుంది. రంధ్రం సైజు కంటే ప్రోటీన్ సైజు ముందు చూడండి. టైటానియా లోపాలు రెండు, ఒకటి కరెంటు సరిగా మోయదు కాబట్టి పొర మందం పెరిగేకొద్దీ సిగ్నల్ పెరగడం ఆగి తగ్గుతుంది, కార్బన్ నానోట్యూబ్స్‌తోనో గ్రాఫీన్‌తోనో కలిపి వాడేది అందుకే. రెండోది వెలుతురు, అల్ట్రావయొలెట్ తగిలితే అది ఫోటోకాటలిస్ట్, తను మోస్తున్న ప్రోటీన్‌నే కాల్చేస్తుంది. కిటికీ పక్కన కొలిస్తే ఒక రీడింగ్, మూసిన పెట్టెలో కొలిస్తే ఇంకో రీడింగ్ వస్తుంది. కావాలని ఫోటోఎలక్ట్రోకెమికల్ సెన్సార్ చేసేవాళ్ళకి ఇదే ప్లస్ పాయింట్.

సీరియా అంటే సీరియం డయాక్సైడ్ చాలామందికి తక్కువ తెలిసినది, నాకు మాత్రం చాలా ఇష్టం. చార్జ్ విషయంలో జింక్ ఆక్సైడ్‌లాంటిదే, ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 9 దగ్గర, ఆక్సిడేజ్‌లు బాగా పడతాయి, పైగా దానిలా తేలిగ్గా కరిగిపోదు. సీరియం మూడు, నాలుగు వేలెన్సీల మధ్య తిరుగుతూ ఆక్సిజన్ పట్టుకుని వదులుతుంది. కానీ ఇక్కడే ఒక గుంట ఉంది. మీ సెన్సార్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని కొలిచే రకం అయితే, అంటే ఎంజైమ్ పెరాక్సైడ్ పుట్టిస్తే ఎలక్ట్రోడ్ దాన్ని ఆక్సిడైజ్ చేసి కరెంటు ఇచ్చే పాత పద్ధతి అయితే, సీరియా కాటలేజ్‌లా ప్రవర్తించి ఆ పెరాక్సైడ్‌నే విడగొట్టేస్తుంది. ఎంజైమ్ బాగా పనిచేస్తున్నా సిగ్నల్ మాత్రం రాదు. ఫాస్ఫేట్ బఫర్‌లో దాని ఉపరితలం మారి ఈ ప్రవర్తన కూడా మారుతుంది, అందుకే ట్రిస్ బఫర్‌లో వచ్చిన ఫలితం పీబీఎస్‌లో రాకపోతే కంగారు పడకండి, ముందు బఫర్‌ని అనుమానించండి. మీడియేటర్ (ఎంజైమ్ నుంచి ఎలక్ట్రోడ్‌కి ఎలక్ట్రాన్లు మోసే చిన్న అణువు) పెట్టి పెరాక్సైడ్‌తో పనిలేకుండా కొలిచేట్టయితే సీరియా నిశ్చింతగా వాడొచ్చు.

మాగ్నెటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌ని ఎందుకు ఎంచుకోవాలో ఒక్క ముక్కలో చెప్పొచ్చు, అయస్కాంతం కోసం. ఇరవై నానోమీటర్ల లోపు ఉంటే సూపర్‌పారామాగ్నెటిక్, అయస్కాంతం పెడితే వస్తాయి, తీసేస్తే మళ్ళీ చెదిరిపోతాయి. యాంటీబాడీ సెన్సార్లకి ఇది బంగారం లాంటి గుణం, రక్తం లాంటి మురికి శాంపిల్‌లోకి పార్టికల్స్ వదిలి, కావాల్సిన ప్రోటీన్‌ని పట్టుకుని, అయస్కాంతంతో లాగి, కడిగి, అప్పుడు ఎలక్ట్రోడ్ మీదకి తెస్తాం. సీరమ్‌లో ఆల్బుమిన్ ఒక్కటే లీటర్‌కి 35 నుంచి 50 గ్రాములు ఉంటుంది, అంత ప్రోటీన్‌లో ఎలక్ట్రోడ్‌ని నేరుగా ముంచితే పైన పొర కట్టి మూసుకుపోతుంది, ఈ కడగడం వల్ల ఆ బాధ తప్పుతుంది. ఎంజైమ్ సెన్సార్‌లో, శుభ్రమైన బఫర్‌లో, ఊరికే పీటగా వాడటానికి మాత్రం మాగ్నెటైట్ నా మొదటి ఎంపిక కాదు, న్యూట్రల్ పీహెచ్ దగ్గర దాని చార్జ్ సున్నాకి దగ్గర కాబట్టి పూత లేకపోతే ముద్దకడుతుంది, గాలికి మెల్లగా మాగెమైట్ అనే ఇంకో ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది.

దీంట్లో ఇంకో సంగతి, 2007లో మాగ్నెటైట్ నానోపార్టికల్స్‌కి పెరాక్సిడేజ్‌లాంటి (పెరాక్సైడ్‌తో వేరే పదార్థాలని ఆక్సిడైజ్ చేసే) గుణం ఉందని తేలింది. మీ యాంటీబాడీ మీద లేబుల్, అంటే సిగ్నల్ కోసం తగిలించిన ఎంజైమ్, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అయితే, లేబుల్ ఇచ్చే సిగ్నల్ ఏది, పార్టికల్ ఇచ్చే సిగ్నల్ ఏది అని విడదీయాలి. ఈ గుణం యాసిడ్ వైపు, పీహెచ్ 4 దగ్గర, ఎక్కువ ఉంటుంది, 7 దగ్గర తగ్గుతుంది, సిలికా పూత వేస్తే ఇంకా అణుగుతుంది. లేబుల్‌ని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కి మార్చేస్తే ఈ చికాకు చాలావరకు పోతుంది.

జిర్కోనియాకి, అంటే జిర్కోనియం డయాక్సైడ్‌కి, ఫాస్ఫేట్ గ్రూపులంటే గట్టి పట్టు, ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల కొలతలో అది తరచూ కనపడటానికి కారణం అదే, కానీ ఆ పట్టు వల్లే మీ పీబీఎస్‌లోని ఫాస్ఫేట్ ముందే సీట్లన్నీ ఆక్రమించేస్తుంది, వేరే బఫర్ తీసుకోండి. యూరియాని విడగొట్టే యూరియేజ్ ఎంజైమ్‌తో సెన్సార్ చేసేవాళ్ళు ఇరిడియం ఆక్సైడ్ వైపు చూడొచ్చు, యూరియా విడిపోతే పీహెచ్ పెరుగుతుంది, ఆ ఆక్సైడ్ పీహెచ్‌కి వోల్టేజ్ మార్పుతో బదులిస్తుంది, పీటా అదే, కొలిచే సాధనమూ అదే.

నికెల్ ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్ గురించి మాత్రం గట్టిగా ఒక మాట. గ్లూకోజ్‌కి అవి చూపించే అద్భుతమైన కరెంటు 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో, అంటే పీహెచ్ 13లో వస్తుంది. అక్కడ ఏ మామూలు ఎంజైమూ బతకదు. అది ఎంజైమ్ లేని సెన్సార్, వేరే దారి, దానికి దాని విలువ ఉంది. ఆ అంకెలు చూసి మోజుపడి వాటిమీద ప్రోటీన్ వేసి 7.4లో కొలిస్తే ఆ కరెంటు రాదు. కాపర్ అయాన్లు కాస్త కరిగినా యూరియేజ్ లాంటి ఎంజైమ్‌లని చంపేస్తాయి కూడా.

ఇప్పుడు డైరెక్ట్ ఎలక్ట్రాన్ ట్రాన్స్‌ఫర్ సంగతి. మా ఆక్సైడ్ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ నేరుగా ఎలక్ట్రోడ్‌కి ఎలక్ట్రాన్ ఇస్తోంది అని చెప్పే పేపర్లు కుప్పలు. సాక్ష్యంగా మైనస్ 0.45 వోల్టుల దగ్గర ఒక చక్కటి జంట పీక్ (ఆక్సిడేషన్‌కొకటి, రిడక్షన్‌కొకటి) చూపిస్తారు. ఆ ఎంజైమ్‌లో ఎలక్ట్రాన్లని అందుకునే భాగమైన ఎఫ్‌ఏడీ, ప్రోటీన్ లోపల 13 ఆంగ్‌స్ట్రామ్‌లకి పైగా లోతులో దాక్కుని ఉంటుంది, ఎంజైమ్‌లోంచి ఊడివచ్చి ఉపరితలానికి అతుక్కున్న ఎఫ్‌ఏడీ కూడా అక్కడే పీక్ ఇస్తుంది. 2018లో బార్ట్‌లెట్, అల్ లొలేజ్ కార్బన్ నానోట్యూబ్స్, గ్రాఫీన్ మీద ఈ వాదనలని తరచి చూసి, మార్పులేని గ్లూకోజ్ ఆక్సిడేజ్ విషయంలో సాక్ష్యం లేదని తేల్చారు. ఆక్సైడ్ల మీద కూడా అదే అనుమానంతో చూడాలని నా అభిప్రాయం. పరీక్ష తేలికే, నైట్రోజన్ బాగా పంపి ఆక్సిజన్ పూర్తిగా తీసేయండి, గ్లూకోజ్ కలపండి, ఆక్సిడేషన్ కరెంటు పెరిగితే మాట్లాడుకోవచ్చు. పీక్ కదలకపోతే అది పనిచేసే ఎంజైమ్ పీక్ కాదు. గాలి ఉన్నప్పుడు గ్లూకోజ్ కలిపితే రిడక్షన్ పీక్ తగ్గుతుంది, అది ఎంజైమ్ ఆక్సిజన్ తినేయడం వల్ల, దాన్ని డైరెక్ట్ ట్రాన్స్‌ఫర్ అనకూడదు. నిజంగా పనిచేసే సెన్సార్ కావాలంటే మీడియేటర్ పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు, 1984లో ఫెర్రోసీన్ అనే మీడియేటర్‌తో చూపించిన దారి ఇప్పటికీ నిలబడి ఉంది.

పోల్చేటప్పుడు ఏ అంకెలు చూడాలి అంటే, డిటెక్షన్ లిమిట్ ఎంత తక్కువ అన్నదానికి అందరూ పడిపోతారు, కానీ పరగడుపున రక్తంలో గ్లూకోజ్ మామూలుగా 4 నుంచి 5.5 మిల్లీమోలార్, షుగర్ ఎక్కువైతే 20 దాటొచ్చు. నానోమోలార్ దాకా కొలిచి 2 మిల్లీమోలార్ దగ్గర చతికిలబడే సెన్సార్ రక్తానికి పనికిరాదు. కేఎం విలువ (ఎంజైమ్ తన గరిష్ఠ వేగంలో సగానికి చేరే కాన్సంట్రేషన్) తక్కువ వచ్చింది కాబట్టి ఎంజైమ్‌కి పట్టు పెరిగింది, గొప్ప అని రాస్తారు, అదే విలువ మీ సరళరేఖ ఎక్కడ వంగిపోతుందో కూడా చెప్తోంది అని మర్చిపోతారు. చెమటలోనో కన్నీళ్ళలోనో కొలవాలంటే లెక్క వేరు, అక్కడ తక్కువ కాన్సంట్రేషనే కావాలి. అలాగే 0.6 వోల్టుల దగ్గర పెరాక్సైడ్ కొలిస్తే విటమిన్ సి, యూరిక్ యాసిడ్, పారాసిటమాల్ అన్నీ కలిసి కరెంటు ఇస్తాయి, ఆక్సైడ్ మార్చడం కంటే వోల్టేజ్ తగ్గించే మార్గం వెతకడం మేలు.

తయారీలో ఒక్క విషయం మాత్రం చెప్పి వదిలేస్తా, ఆక్సైడ్‌ని సోనికేట్ చేయాలంటే, అంటే శబ్ద తరంగాలతో చెదరగొట్టాలంటే, ఎంజైమ్ కలపకముందే చేయండి, కలిపాక చేస్తే ఎంజైమ్ దెబ్బతింటుంది. చుక్క ఆరేటప్పుడు పార్టికల్స్ అంచుకి పోయి ఉంగరంలా పేరుకుంటాయి, ఎలక్ట్రోడ్‌కీ ఎలక్ట్రోడ్‌కీ తేడా అక్కడే పుడుతుంది, తడిగాలి ఉన్న మూతపెట్టిన డబ్బాలో మెల్లగా ఆరనివ్వండి.

ఇక కంట్రోల్స్. ఆక్సైడ్ ఒక్కటే, ఎంజైమ్ ఒక్కటే, ఆక్సైడ్ మీద ఎంజైమ్ బదులు బీఎస్ఏ (ఎంజైమ్ కాని ఆల్బుమిన్ ప్రోటీన్), ఆక్సైడ్ మీద ఉడకబెట్టి చంపిన ఎంజైమ్, ఈ నాలుగూ చేయకుండా ఏ ఆక్సైడ్ మంచిదో తేల్చలేం. చనిపోయిన ఎంజైమ్ కూడా సిగ్నల్ ఇస్తోందంటే ఆ కరెంటు ఆక్సైడ్‌ది. నాకు ఇలా ఒకసారి జరిగింది, చంపిన ఎంజైమ్‌తో మూడోవంతు సిగ్నల్ వచ్చింది, ఆ రోజు బాధపడ్డా, కానీ అది తెలియకుండా శాంపిల్ మార్చి ఉంటే అంకెలన్నీ తప్పే అయ్యేవి.

ఇన్ని చూశాక కూడా రెండు ఆక్సైడ్ల మధ్య ఊగిసలాట ఉంటే నేను చేసేది ఇది. రెండింటి మీదా ఒకే మోతాదు ఎంజైమ్ వేసి, ఒకే పొర కప్పి, నిజంగా వాడబోయే బఫర్‌లో రాత్రంతా నానబెడతా. పొద్దున్నే ఎలక్ట్రోడ్ తీసి పక్కన పెట్టి, ముందు ఆ బఫర్‌ని పరీక్షిస్తా, అందులో ఎంజైమ్ యాక్టివిటీ ఎంత ఉంది, లోహం ఎంత కరిగింది అని. తర్వాతే ఎలక్ట్రోడ్ మీద కొలుస్తా. ముందురోజు సాయంత్రం ఎక్కువ కరెంటు ఇచ్చినదాన్ని కాకుండా, బఫర్‌ని శుభ్రంగా వదిలినదాన్ని తీసుకుంటా.